మెరికల జాబితా

"ఇవాళే చెప్పేస్తాను సార్. ఇప్పుడే" అన్నాడు పరిశోధక విద్యార్థి, ప్రొఫెసరుగారి గది తలుపు దగ్గరగా వేస్తూ.

బయట వరండాలో బల్ల మీద టీచరుగారు కూర్చుని ఉంది. రెండు బస్సులు మారి వచ్చింది. ఒళ్లో ఒక నోటుపుస్తకం. ఇందాక అతన్ని చూడగానే లేచి, "చూడు బాబూ, మా గుసగుస పిల్ల రాసింది! పేజీన్నర! నిరుడు దాని పేరడిగితే చెవి తీసుకెళ్లి నోటి దగ్గర పెట్టాల్సొచ్చేది. మీ జాబితా లేకపోతే ఈ పిల్లని నేను కనిపెట్టేదాన్నే కాదు" అంది. అతను తలూపి లోపలికి వచ్చేశాడు.

ఆ జాబితా అతను టైపు చేసిందే. ముప్పైఆరు మంది ఉన్న తరగతిలో ఏడు పేర్లు. 'మా పరీక్షలో తేలింది, ఈ ఏడాది వీళ్లు మెరికలవుతారు' అని బడి తెరిచిన రోజే ఆవిడ చేతిలో పెట్టాడు. పరీక్షా లేదు, గిరీక్షా లేదు. చీటీలు రాసి, డబ్బాలో వేసి కుదిపి, ఏడు తీశారు. టీచరు నమ్మితే పిల్లల చదువు మారుతుందా అన్నది అతని పరిశోధన. మారింది. ఏడుగురూ దూసుకుపోయారు. మిగిలిన ఇరవై తొమ్మిది మందీ ఎక్కడి వాళ్లక్కడే.

ప్రొఫెసరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చెప్పొద్దనను. పని అయ్యాక నిజం చెప్పాలని నియమమే ఉంది. బడి ఇంకా పది రోజులేగా? సెలవులిచ్చాక చెప్పు. కొంపలేం మునగవు."

"సెలవులిచ్చాక ఆ ఇరవై తొమ్మిది మంది ఆవిడకి దొరకరు సార్. పై తరగతికి వెళ్లిపోతారు."

"పది రోజుల్లో ఏం ఒరుగుతుందోయ్?"

"ఒక్కసారైనా వాళ్ల వంక చూస్తుంది. మొన్న చివరి బెంచీ పిల్లని అడిగాను, చెయ్యెత్తవేం అని. 'నన్నెలాగూ అడగరన్నయ్యా' అంది."

ఆయన తలుపు వైపు చూపించారు.

"సరే, మరి ఈవిడ సంగతో? అంత దూరం నుంచి మురిసిపోతూ వచ్చింది. ఇప్పుడు పోయి, 'అమ్మా, మీ గుసగుసలో మేం కనిపెట్టిందేం లేదు, చీటీలో వచ్చింది' అంటావు. ఆ పేజీన్నర ఏం కావాలి?"

"ఏమీ కాదు. రాసింది రాసిందే. అది చీటీలో రాలేదుగా."

"అంత తేలికా?"

"తేలికని కాదు సార్. నిజం తెలిస్తే కుప్పకూలిపోతారనుకోవడం, వాళ్లని మనం తక్కువ చెయ్యడమే."

"బాగా చెప్పావు. నీకేం నాయనా, చెప్పేవాడివి. వినేవాడివి కాదు."

"నేనైనా అంతే. ఎంత చేదైనా నాకు నిజమే కావాలి" అని అతను తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగు" అన్నారాయన. "నువ్వు చేరిన మొదటి వారం నిన్నొక్కణ్నే ఈ గదిలోకి పిలిచాను. గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి! 'నీలో సరుకుందోయ్. ఈసారి నా ఆశంతా నీ మీదే' అన్నారాయన. ఆ ఒక్క మాట పట్టుకునే ఐదేళ్లూ ఈదుకొచ్చాడు. వ్యాసం మూడుసార్లు తిరిగొచ్చినప్పుడు, 'ఇంక చాల్లేరా, ఇంటికొచ్చెయ్' అని అమ్మ ఏడ్చినప్పుడు, దాన్నే నెమరేసుకున్నాడు. తోటివాళ్లలో ఆరుగురు మధ్యలోనే మానేసి వెళ్లిపోతుంటే, పాపం, సరుకు లేదు కాబోలనుకున్నాడు.

"గుర్తుంది సార్" అన్నాడు.

ప్రొఫెసరుగారు కిటికీ వైపు తిరిగారు.

"ఆ ఏడాది మీరు పదకొండు మంది చేరారు. ఎవరిలో ఏముందో వారం రోజుల్లో నాకు మాత్రం ఏం తెలుస్తుంది? అటెండరు చేత ఒక చీటీ తీయించాను."