తడవని బూట్లు

సముద్రానికి మూడు చేతులు లేచాయి. కొండలకి ఒకటి.

ఆ ఒక్కటీ ఈత మాస్టారిది. ఇంటి పెద్ద చెయ్యి కదా అని కాస్త ఎక్కువసేపే ఎత్తి ఉంచారాయన. ఎవరూ పట్టించుకోలేదు. భార్య భోజనాల బల్ల మీద సెలవుల ప్రయాణానికి మ్యాపు పరిచేసింది. పన్నెండేళ్ళ కూతురు సామాన్ల జాబితా మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళ చిన్నోడైతే కుర్చీ దిగి గెంతులే గెంతులు.

మాస్టారు మెల్లిగా చెయ్యి దించేశారు.

పాపం, ఆయన బాధ ఆయనది. ఊళ్ళో సగం మందికి ఈత నేర్పిన ఆ మనిషికి ఈత రాదు.

అదెలా అంటారా? పద్నాలుగేళ్ళ కిందట ఆయన ఊరి ఈతకొలనులో ఆకులు తీసే ఉద్యోగి. ఒకరోజు అసలు మాస్టారు చెప్పాపెట్టకుండా మానేశాడు. పిల్లలు అప్పటికే నీళ్ళలో ఉన్నారు. తల్లిదండ్రులు గట్టు మీద ఉన్నారు. ఈయన చేతిలో ఆకులు తీసే పొడుగు కర్ర ఉంది. రోజూ విని విని నోటికొచ్చిన పాఠమే గట్టిగా అరిచారు. "కాళ్ళు కొట్టు! తల దించు! ఊపిరి వదులు!" చిత్రం, పిల్లలు ఈదేశారు. మర్నాటి నుంచి ఆయనే మాస్టారు.

అప్పట్నుంచీ అదే కర్ర, అవే అరుపులు. మెడలో విజిలు, కాళ్ళకి తళతళలాడే బూట్లు. "గట్టు మీదుంటేనే అందరి తప్పులూ కనిపిస్తాయి" అని ఆయనంటే తల్లిదండ్రులు ఔరా అనుకునేవారు. కొలను వార్షికోత్సవం రోజున మాస్టారు ఒక్క దూకు దూకాల్సిందేనని ఏటా అందరూ పట్టుబడతారు. ఏటా సరిగ్గా ఆ పొద్దున్నే ఆయన కాలు బెణుకుతుంది.

సొంత పిల్లలిద్దరూ ఆ కర్ర కిందే ఈత నేర్చారు. కూతురు నిరుడు కప్పు కూడా గెలిచింది. నాన్నంటే వాళ్ళకి దేవుడు. ఆ దేవుడు మోకాళ్ళ లోతు నీళ్ళలో గజగజా వణుకుతూ పిల్లల కంటపడితే? మాస్టారు గబగబా ఓ సాకు వెతికారు.

"ఈ రోజుల్లో అలలు జోరుగా ఉంటాయే," అన్నారు.

"అలల్లేని చోటే వెతికానండీ," అంది భార్య, మ్యాపు మీద వేలు పెట్టి. "వందడుగులు లోపలికెళ్ళినా లోతు నడుం దాటదట."

"నాకు సెలవు దొరకొద్దూ?"

"నేనే వెళ్ళి అడిగొచ్చా. అయిదు రోజులూ ఇచ్చేశారు. మీరు ఎన్నడూ సెలవు పెట్టని మనిషట, మెచ్చుకున్నారు కూడా."

ఇదెక్కడి గొడవరా బాబూ అనుకున్నారు మాస్టారు.

కూతురు జాబితా చదివింది. "టోపీలు నాలుగు. తువ్వాళ్ళు ఎనిమిది. లైఫ్ జాకెట్టు ఒకటి, పెద్ద సైజు."

"లైఫ్ జాకెట్టా! నా పిల్లలు జాకెట్టేసుకుని తేలితే నా పరువేం కావాలే? పైగా పెద్ద సైజొకటి!"

"తమ్ముడు ఎదుగుతున్నాడుగా నాన్నా," అంది కూతురు తలెత్తకుండా.

అంతలో చిన్నోడు ఓ నోటు పుస్తకం పట్టుకొచ్చి పక్కన చేరాడు.

"నాన్నా, మా క్లాసులో ఒకడున్నాడు. వాడికి నీళ్ళంటే భయం. పైకి మాత్రం చెప్పడు. వాడికి ఈత ఎలా నేర్పాలి?"

మాస్టారి ఛాతీ రెండంగుళాలు పొంగింది. మీసం ఉంటే తిప్పేవారే. తన విద్యకి వారసుడు తయారవుతున్నాడు మరి.

"ముందు వాడికి భయమని ఎవరితోనూ అనకు. నలుగురిలో అసలే అనకు. తనంతట తనే దిగుతున్నానని వాడనుకోవాలి. మొదటి రోజు పాదాలు తడిస్తే చాలు. రెండో రోజు మోకాళ్ళు. మూడో రోజు చెయ్యి పట్టుకుని నడుం లోతుకి."

"ఎవరు పట్టుకోవాలి?"

"వాడు ఎవర్ని నమ్మితే వాళ్ళు. నవ్వారో, అంతా మొదటికొచ్చినట్టే. జన్మలో మళ్ళీ దిగడు."

"వాడికి పరువు మరీ ఎక్కువ నాన్నా."

"అయితే మహా కష్టం! అలాంటోళ్ళకి బోలెడు ఓపిక కావాలి. సాకులు చెప్తారు. నువ్వు జాలిపడకూడదు."

చిన్నోడు నాలుక బయటపెట్టి మరీ ఒక్కో మాటా రాసుకున్నాడు. భార్యకి ఎందుకో పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

మాస్టారు మాత్రం ఊరుకుంటారా? ఆయన ప్లాను ఆయనకుంది. చేరిన రోజే బస మెట్ల మీద జారి కాలు బెణికించుకోవడం. ఆ పైన అయిదు రోజులూ గొడుగు కింద కుర్చీ, మెడలో విజిలు, పక్కన బూట్లు. ఒడ్డు నుంచే అరుపులు. అలవాటైన పనేగా.

ప్రయాణం రేపనగా మధ్యాహ్నం ముగ్గురూ టోపీలు కొనడానికి వెళ్ళారు. ఇదే సందని మాస్టారు దాచుకున్న బెణుకు పట్టీ తీసుకుని, పెట్టె తెరిచి, తువ్వాళ్ళ అడుగున దోపబోయారు. చేతికి ఏదో గట్టిగా తగిలింది. లాగి చూస్తే చిన్నోడి నోటు పుస్తకం.

చూసి ముచ్చటపడ్డారు. వెధవ, సెలవుల్లో కూడా స్నేహితుడి గురించే బెంగ, ఎంత మంచి మనసో అనుకుంటూ కళ్ళజోడు సవరించుకున్నారు.

అట్ట మీద చిన్నోడి గుండ్రటి రాతలో "నాన్నకి ఈత: అయిదు రోజుల పాఠాలు" అనీ, దాని కింద భార్య రాతలో "కాలు బెణికిందంటే నమ్మొద్దు" అనీ ఉంది.