కరిచే పిల్లి

“ఆ పిల్లిని మర్యాదగా ఇస్తావా, లాక్కోమంటావా?” అంటూ అక్క ఒంటికాలి మీద లేచింది.

చెల్లెలు వంటింటి మూలకు జరిగి, పిల్లిని ఇంకా గట్టిగా గుండెకు అదుముకుంది. ఆమె కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు ఉంది. పాత కట్టు విప్పి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే కొత్తది.

“అది ఊరికే కరవలేదక్కా. నేనే చూసుకోకుండా దాని తోక తొక్కాను.”

“పోయినసారి భుజం మీద కరిచింది కదా! అప్పుడు తోకని భుజంతో తొక్కావా?”

చెల్లెలు తల దించుకుంది. ఇలా తల దించుకునే మనిషిని తిట్టాలంటే అక్కకి మనసొప్పదు, తిట్టకుండా ఉండాలంటే నోరాగదు. అమ్మ పోయాక చెల్లెల్ని సొంత చేతులతో పెంచింది తనే. ఆ ఒంటి మీద చిన్న గాటు పడినా తన ఒంటి మీద పడినట్టే ఉంటుంది. టైలరింగ్ షాపులో పని గుట్టలా పడి ఉన్నా, చెల్లెలి మొగుడు ఫోను చేయగానే కత్తెర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది.

గుమ్మంలో బుట్ట పట్టుకుని నిలబడ్డ మరిది నిట్టూర్చాడు. “నా మాట ఎక్కడ వింటుంది వదినా? రాత్రి రక్తం ఆగకపోతే మందు రాసి కట్టు కట్టింది నేనే. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆ పిల్లిని వదిలించుకుంటేగానీ ఈ ఇంట్లో సుఖం లేదు.”

ఇంత ప్రేమగా చూసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడనుకుంది అక్క. చెల్లెలికే ఆ విలువ తెలియడం లేదు. మొగుడికి కాఫీ కలపదుగానీ, పిల్లికి మాత్రం అన్నంలో చేపముక్క వేసి, గంధంలా మెదిపి, వేలితో నోట్లో పెడుతుంది.

“చంటిపిల్లకి పెట్టినట్టు పెడుతుంటే చేతులు కొరక్క ఏం చేస్తుంది? నెత్తికెక్కించుకున్నావు. నడు, డాక్టరు దగ్గరికి.”

“డాక్టరు దగ్గరికి మాత్రం వద్దక్కా! నీ కాళ్ళు పట్టుకుంటాను. కావాలంటే నువ్వు తీసుకుపో. నీ దగ్గరే ఉంచుకో.”

“బాగుంది వరస! నిన్ను కరిచింది చాలక, బట్టలు కుట్టించుకోవడానికొచ్చే వాళ్ళని కూడా కరవాలా? ఎండలు మండిపోతుంటే పొడుగు చేతులు కుట్టమని నా ప్రాణం తీస్తున్నావు. ఈ గాట్లు దాచుకోవడానికేగా?”

చెల్లెలి మొహం పాలిపోయింది. మరిది నవ్వుతూ బుట్ట మూత తీశాడు.

పశువుల ఆసుపత్రి బల్ల మీద పిల్లి ముడుచుకు కూర్చుంది. డాక్టరమ్మ తొందరలేని మనిషి. పిల్లి కన్నూ చెవీ చూస్తూ మాట్లాడింది.

“పిల్లులు కారణం లేకుండా కరవవమ్మా. ఆటలో కొరుకుతాయి. ఎక్కువసేపు నిమిరితే విసుగొచ్చి, ఇక చాలని కొరుకుతాయి. భయమేసినా కరుస్తాయి. ముద్దొస్తే మెల్లగా మునిపంటితో కొరుకుతాయి కూడా.”

“విన్నావా? ప్రేమ ఎక్కువైనా కరుస్తాయట!” అని మరిది చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు.

పిల్లి చెవులు రెండూ వెనక్కి వాలిపోయాయి.

“అదిగో, అలా చెవులు వాల్చిందంటే భయపడుతున్నట్టు. కరిచే ముందు అవి చెబుతూనే ఉంటాయి. మనమే పట్టించుకోం,” అంది డాక్టరమ్మ.

అక్కకి ఒళ్ళు మండింది. “చూశారా, మీ ముందే మళ్ళీ కరవబోతోంది! ప్రేమో భయమో మాకెందుకండీ? మా పిల్ల చేతులు తూట్లు పడిపోతున్నాయి. సూది వేసి నిద్రపుచ్చేయండి. పాపం ఏదైనా ఉంటే నాకే తగలనివ్వండి.”

“నేను అడగలేకపోయిన మాట వదిన అడిగింది,” అన్నాడు మరిది మెల్లగా.

చెల్లెలు కట్టున్న చేతిని చున్నీ కిందికి లాక్కుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. పిల్లి కోసం ఇంత ఏడుపా అని అక్కకి చిరాకేసింది. ఆ వెంటనే జాలేసింది. దగ్గరికి తీసుకుని, “ఊరుకోవే, నీ మంచికే కదా,” అంది.

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుంది. “సూది మాట తరవాత. ముందు నోరు చూస్తాను. పంటినొప్పి ఉన్నా కరుస్తాయి.”

“వద్దు డాక్టరుగారూ!” అని చెల్లెలు ఒక్కసారిగా అరిచింది. అక్క ఆమెను గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ పిల్లి దవడ తెరిచి, లోపల వేలు పెట్టి అటూ ఇటూ తడిమింది. పిల్లి కిక్కురుమనకుండా ఆ వేలిని చప్పరించింది. ఆమె మరోసారి తడిమి, తలెత్తి చెల్లెలి చేతి కట్టు వంక చూసింది.

“మీ ఇంట్లో ఇంకో పిల్లి ఉందా?”

“ఈ దరిద్రం ఒక్కటే చాలదా?” అంది అక్క.

“మరి ఇంట్లో ఎవరెవరుంటారు?”

“ఎవరుంటారండీ? మా చెల్లెలు, మా మరిది. అంతే.”

డాక్టరమ్మ వేలు బయటికి తీసి, ఒక్క గీత కూడా పడని తొడుగును అక్క కళ్ళ ముందు పెట్టింది.

“ఈ పిల్లి నోట్లో ఒక్క పన్ను కూడా లేదమ్మా.”