ఎంత లేపాలి?

“సస్పెన్షన్ నాలుగంగుళాలు లేపి బండి ఎత్తు పెంచాలి. టైర్లు బురదలో జారనివి, పెద్దవి వెయ్యండి,” అంది నర్సు తన పికప్ ట్రక్కు చూపిస్తూ.

మెకానిక్ నవ్వాడు. “షోకుకి రెండంగుళాలు చాలమ్మా. మరీ లేపితే మలుపుల్లో తూలుతుంది. ఓసారి మీ ఆయన్ని పంపండి, మాట్లాడతా.”

“ఆయనకి సైకిలే రాదు. తూలకుండా నడపడం నాకొచ్చు. నాలుగే!”

“నాలుగే ఎందుకమ్మా, అంత పంతం?”

ఆమె తొడ మీద వేలు పెట్టి చూపించింది.

“పోయిన వానల్లో వాగు ఇక్కడిదాకా వచ్చింది. బండి మధ్యలో ఆగిపోయింది. పురిటి నొప్పులు పడుతున్న పిల్లని నడిపించుకుంటూ ఒడ్డుకి చేర్చాను. బిడ్డ దక్కలేదు. ఈసారి ఆ వాగు నన్నెలా ఆపుతుందో చూస్తాను!”

మెకానిక్ టేపు తెచ్చి, వంగి, నేల నుంచి ఆమె వేలిదాకా కొలిచాడు.

“నాలుగు చాలదమ్మా,” అన్నాడు. “ఆరు లేపుదాం.”