అడుగు లేని గ్రహం

నీళ్లు పడగానే ఆసామి ఇంటి మనిషి బావిలోకి దిగి పసుపు కుంకుమ చల్లాలి. దంతాలపల్లి వైపు అది ఆనవాయితీ. సంజీవ పటేల్ కొడుకు దామోదర్ అందుకే దిగాడు. కింద గడ్డపారతో తండా మనిషి వాల్యా ఉన్నాడు. ఇంతలో ఒక పక్క గోడ జారి ఇద్దరినీ కప్పేసింది.

పోయిన ఎండాకాలం ఇట్లాగే ఇంకో తండా మనిషి బావిలో చిక్కుకుంటే, ఇంకెక్కడి ప్రాణమని పటేల్ ఆ బావిని పూడ్పించాడు. మట్టి పోసిన కూలీల్లో వాల్యా కూడా ఉన్నాడు. వాల్యా పెళ్లాం తారికి అదే గుర్తొచ్చి గడ్డ మీద కూలబడింది.

పటేల్ వంగి అరిచాడు. "ఎవలు బతికున్నరు?"

కాసేపటికి రాళ్ల సందులోంచి, కుండలో మాట్లాడినట్టు గొంతు వచ్చింది.

"నేను బాపూ, దామోదర్‌ను."

"వాల్యా?"

"పోయిండు."

తారి ఏడుపు ఎవరికీ పట్టలేదు. డాక్టర్ కోసం మానుకోటకు జీపు పోయింది. ఊరు ఊరంతా పారలు పట్టుకుని వచ్చింది.

"నిద్రపోనియ్యద్దు, మాట్లాడించుండ్రి," అన్నాడు బావుల మేస్త్రి ఎల్లయ్య.

సైన్సు సారు లక్ష్మీకాంత్ బావి అంచున బోర్లా పడుకున్నాడు. పాపం, ఆయనకు పాఠాలు తప్ప ముచ్చట్లు రావు. ఆ ఏడాదే బృహస్పతి పక్కనుంచి ఏదో నౌక పోయిందని రేడియోలో చెప్పారు.

"దామోదర్, బృహస్పతి పాఠం యాదికున్నదా?"

"మర్చిపోయిన సారూ. చెప్పుండ్రి."

"దానికి నేల లేదు బిడ్డా. పైన మబ్బులు, కింద అంతా గాలే. లోపలికి పోయినకొద్దీ చిక్కబడి నీళ్ల లెక్కయితది. ఇంకా లోపల, మీది బరువుకు నలిగి నలిగి ఆ గాలే కరిగిన లోహం తీరుగ అయితది."

"మరి పడ్డోడు ఎక్కడ ఆగుతడు?"

"నట్టనడుమ రాయి ఉన్నదంటరు. అందాక ఎవలూ పోలే."

"పోకుంటే ఎట్ల ఎరుక?"

"బయటినుంచి చూసి అంచనా కడుతరు."

"అంచనా తప్పయితే?"

"లోపలికి పోయి చూస్తేగాని తెల్వది."

సారు ఇంకా ముందుకు జరిగి బావిలోకి చెవి ఒగ్గాడు.

"దామోదర్, ఉన్నవా బిడ్డా?"

"ఉన్న సారూ. జర జల్ది తవ్వమనుండ్రి."

పొద్దు వాలేసరికి రాళ్లు తొలిగాయి. తాడు బిగిసింది. పటేల్ ఎవరినీ ముట్టనివ్వకుండా తానే ముందు నిలబడి లాగాడు. నిలువెల్లా బురదైన మనిషిని కావలించుకుని "నా కొడుకా" అని బావురుమన్నాడు. భుజం మీది కండువా తీసి ముఖం తుడిచాడు.

బురద పోయి బయటపడింది వాల్యా ముఖం.