సూర్యుడి మీద కేసు

“సూర్యుడు తాగితే ఒకలా ఉంటుంది, పైపు తాగితే ఒకలా ఉంటుంది,” అంది గాయత్రి ఉప్మా ప్లేటు పక్కకు జరుపుతూ.

రిసార్టు యజమాని మోహన్‌కృష్ణ నవ్వు చెదరనివ్వలేదు. “అర్థమయ్యేలా చెప్పండి మేడమ్. మేం అనకాపల్లిలో బెల్లం అమ్ముకున్నవాళ్లం.”

“నీటిలో తేలిక నీరు, బరువు నీరు కలిసుంటాయి. ఐసోటోపులంటాం. ఎండకు తేలికది ముందు ఆవిరైపోతుంది, బరువుది చెరువులో మిగిలిపోతుంది. మోటారుతో తోడితే రెండూ కలిసే పోతాయి. మిగిలిన నీళ్లు పరీక్షిస్తే దొంగెవరో తెలిసిపోతుంది.”

“దొంగ అనెందుకు లెండి, సూర్యనారాయణమూర్తి వింటాడు,” అని చేతులు జోడించాడతను.

అరకులోయకు పైనున్న ఆ కొండ చెరువు రెండేళ్లలో సగానికి తగ్గింది. దాని కింది మడుల్లో నాట్లు పడలేదు. ఊరివాళ్లు రిసార్టు ఈతకొలను వైపు వేలు చూపిస్తే, మోహన్‌కృష్ణ ఆకాశం వైపు చూపించాడు. గేటు లోపలికి ఎవర్నీ రానివ్వడు కనక పైపు ఎవరి కంటా పడలేదు. తహసీల్దారు విసిగిపోయి, విశాఖ నుంచి ఈ పరిశోధకురాలిని పిలిపించారు. దిగడానికి ఇంకో చోటు లేక గాయత్రి ముద్దాయి ఇంట్లోనే దిగింది.

“ఇవి చెరువు నీళ్లు. రేపటి రైలుదాకా మీ ఫ్రిజ్‌లో ఉంచండి. మూత మాత్రం తీయొద్దు,” అని తెల్లటి ప్లాస్టిక్ సీసా అతని చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది. చదువుకున్నవాళ్ల అమాయకత్వం చూసి మోహన్‌కృష్ణకు ముచ్చటేసింది.

నేరుగా వంటింట్లోకి నడిచాడు. వంటమనిషి అచ్చియమ్మ ఆ ఊరి మనిషే. ఆమె మడి కూడా చెరువు కిందే ఎండిపోయింది. వంట ఆమెది, గిన్నెలు తోమడం ఆమెది, కాగితాల మీద రిసార్టు కూడా ఆమెదే. గిరిజనుల ఏజెన్సీ భూమి మైదానం వాళ్ల పేరున ఉండకూడదు కాబట్టి, ఆరేళ్ల కిందట ఆమెతో వేలిముద్ర వేయించి అంతా ఆమె పేరున నడిపిస్తున్నాడు. అందుకు ఏటా ఒక చీర ఇస్తాడు. అదీ వాళ్లావిడ కట్టి విడిచిందే.

“అచ్చియమ్మా, పది గ్లాసుల చెరువు నీళ్లు ఒక్క గ్లాసు అయ్యేదాకా మరిగించు. శుభ్రమైన గిన్నెలో.”

“ఏటి కూర బాబూ?”

“కూర కాదు, ఉత్తి నీళ్లే. సూర్యుడు నెమ్మదిగా సేసే పని మనం బేగి సేత్తన్నాం, అంతే. సల్లారాక ఈ సీసాలోవి పారబోసి, అవి నిండా పోసి మూత బిగించు.”

“అలాగే బాబూ.”

నెల తిరిగింది. బడి వరండాలో గ్రామసభ. తహసీల్దారు బల్ల దగ్గర, ఊరంతా నేల మీద, మోహన్‌కృష్ణ తన కుర్చీ తానే తెచ్చుకుని కూర్చున్నాడు. వెనక అచ్చియమ్మ నిలబడింది.

గాయత్రి కాగితం విప్పింది. “రిసార్టు ఫ్రిజ్‌లో ఉంచిన సీసా ప్రకారం చెరువులో పదింట తొమ్మిది వంతులు సూర్యుడే తాగేశాడు.”

“నేను చెప్పలేదా!” అన్నాడు మోహన్‌కృష్ణ.

“చెరువు తగ్గింది సగమే కదమ్మా?” అన్నారు తహసీల్దారు.

“నాకూ అదే అనుమానం సార్. మేం ఎప్పుడూ రెండు సీసాలు పడతాం. రెండోది సుక్రు ఇంట్లో దాచాను.” ముందు వరసలో వార్డు మెంబరు సుక్రు మీసం దువ్వాడు. “దాని ప్రకారం సూర్యుడు తాగింది పిసరంత. మిగిలిందంతా తోడేసిందే. ఇక మొదటి సీసా అడుగున ఇది దొరికింది.”

పొట్లం విప్పి చూపించింది. ఉడికిన వెల్లుల్లి రెబ్బ.

“సూర్యుడు తాలింపేసుకుని తాగినాడేటి?” అన్నాడు సుక్రు. సభ గొల్లుమంది.

మోహన్‌కృష్ణ వెనక్కి తిరిగి పళ్లు నూరాడు. “గిన్నె కడిగి చావలేదా?”

“కళ్లు ఆనడం నేదు బాబూ,” అంది అచ్చియమ్మ దీనంగా.

తహసీల్దారు పెన్ను తీశారు. “శిక్ష సభ వేస్తుంది. తప్పు మాత్రం ఓనరుదే. ఓనరెవరు?”

మోహన్‌కృష్ణ బుర్ర చురుగ్గా పనిచేసింది. “నాకేం సంబంధం సార్? నేను ఉత్తి మేనేజర్ని. కాగితాలు చూసుకోండి. స్థలం, కట్టడం అంతా ఈ అచ్చియమ్మదే.”

“అదే రాసి సంతకం పెట్టండి.”

పెట్టాడు, సొంత పెన్నుతో, రెండు చోట్ల.

అచ్చియమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. “పైపు ఈ పూటే పీకించెత్తాను. తప్పు సొమ్ము ఎంత కట్టమంటే అంత ఊరికి కట్టుకుంతాను.”

మన మనిషే కదా, పైపు పీకితే చాలంది సభ. అప్పుడామె వెనక్కి తిరిగింది.

“మేనేజరు బాబూ, తాళాలు అక్కడెట్టీ.”

అనకాపల్లి బస్సెక్కాక కూడా మోహన్‌కృష్ణ గొణుగుతూనే ఉన్నాడు, ఒక్క గిన్నె సరిగ్గా తోమడం రాని మనిషి తన కొంప ముంచిందని.

వెల్లుల్లి వేసే ముందు ఆ గిన్నెను అచ్చియమ్మ మూడుసార్లు తోమింది.