ఒంటి దగ్గరి బంతి

మెర్ల్ స్టానెక్ అమెరికాలో, అయోవాలోని మా చిన్న బేస్‌బాల్ జట్టుకి బంతి విసరడం నేర్పే కోచ్‌గా వచ్చిన రోజే, బ్యాటింగ్ కోచ్ రాయ్స్ హాడక్ నేలమీద ఉమ్మేశాడు. ఆటగాడిగా ఉన్న రోజుల్లో రాయ్స్ ఎడమ కన్ను పోయింది మెర్ల్ విసిరిన బంతికే.

ఇద్దరికీ మాటల్లేవు. ఎవరికైనా తగులుతుందని మెర్ల్ వద్దనడంతో మేం బ్యాటరు ఒంటి దగ్గరికి బంతి వెయ్యడమే మానేశాం. అవతలి జట్లు నిర్భయంగా ముందుకొచ్చి దంచేస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం ప్రాక్టీసులో రాయ్స్ బ్యాటు పట్టుకుని మెర్ల్ ఎదుట నిలబడ్డాడు.

"వెయ్యరా పిరికి సన్నాసీ! ఒంటి దగ్గరికి వెయ్యి."

మెర్ల్ దూరంగా వేశాడు. మళ్ళీ దూరంగానే.

"తప్పుకో రాయ్స్. ఉన్న ఒక్క కన్నూ పోతుంది."

"పోతే నాది పోతుంది. నీకెందుకురా ఏడుపు?"

మెర్ల్‌కి ఒళ్ళు మండింది. ఈసారి బంతి ఛాతీని రాసుకుంటూ పోయింది. రాయ్స్ వెల్లకిలా పడ్డాడు. మేం పరుగెత్తాం.

రాయ్స్ దుమ్ములోంచే అరిచాడు: "ఇదిరా నీ బంతి! ఇన్నేళ్ళూ ఎక్కడ దాచి చచ్చావు? నా కన్ను పోయిందని కాదురా నా మంట. ఆ భయంతో నీ ఆట నువ్వే నాశనం చేసుకున్నావు. ఒక్క బంతికి ఇద్దరం ఎందుకు పోవాలిరా?"

మెర్ల్ వచ్చి చెయ్యి అందించాడు. రాయ్స్ దాన్ని విసిరికొట్టాడు.

"పో, వెళ్ళి ఇంకోటి వెయ్యి."