హారతి అక్కే ఇవ్వాలి

మా కాలేజీ పంపితే ఫ్రాన్సులో ఆరునెలలు చదివి నారాయణగూడలో అక్కాబావల ఇంటికి తిరిగొచ్చాను. రిక్షా దిగగానే పక్కింటి విద్యావతమ్మ హారతి పళ్లెంతో ఎదురొచ్చింది.

"నాకు అక్కే ఇయ్యాలె!" గడప బయటే మొండికేశాను. నేను వెళ్లేరోజున, తిరిగొచ్చినప్పుడు కూడా తనే ఇస్తానని అక్క మాటిచ్చింది.

"లోపలికి రా బిడ్డా," అంది విద్యావతమ్మ. కర్పూరం ఆరిపోతోంది.

"బావ నిన్ను ఇడుస్తలేడా అక్కా? ఆయన అడిగిన పెన్ను తెచ్చిన, జల్దీ రా!" అని వీధంతా వినిపించేలా అరిచాను.

అక్క వచ్చింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజుల్లేవు.

"నేను ఇయ్యద్దు చెల్లె," అంది గడప లోపలే ఆగి. "చెప్తే పరీక్షలు ఇడిసిపెట్టి వస్తవని రెండు నెలల సంది రాయలె."

పోయిన వారం అందిన అక్క ఉత్తరం నా సంచిలోనే ఉంది. బావ నన్ను రోజూ అడుగుతున్నాడని రాసింది.